పాస్ అనడం వేరు, మీ ఇష్టం అనడం వేరు

పేకాట గురించి రాస్తున్నానంటే, ఇల్లు నడుపుకునే ఆడమనిషికి ఇదేం పని అనుకునేవాళ్ళు ఉంటారు. మా అత్త కూడా మొదట్లో అలాగే అనుకుంది. అందుకని ముందే చెప్పేస్తాను, మా ఇంట్లో ఆడేది డబ్బుల ఆట కాదు. దాని పేరు ఇరవై ఎనిమిది. కాలేజీ పిల్లలు ట్వంటీ ఎయిట్ అంటారు. నలుగురు కావాలి. ఇద్దరిద్దరు ఒక జత, జతవాళ్ళు ఎదురెదురుగా కూర్చోవాలి. ముక్కలు వేయడం ఒక వారంలో వచ్చేస్తుంది. అంతకు ముందు జరిగే పాట మాత్రం ఏళ్ళు గడిచినా పూర్తిగా పట్టుబడదు. ఎప్పుడు పాడాలి, ఎప్పుడు పాస్ అనాలి? చాలా రోజులుగా దీని గురించి రాయాలని ఉంది. మా ఇంట్లో ఈ ప్రశ్న చాప మీదే ఆగిపోలేదు, అందుకని.

మాది గోరంట్ల. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అయింది కానీ, నోటికి ఇంకా అనంతపురం జిల్లా అనే వస్తుంది. మాధవరాయస్వామి గుడి ఉన్న ఊరు. చిత్రావతి ఏరు దగ్గరే. ఏరంటే నీళ్ళుంటాయనుకోకండి, ఏడాదిలో ఎక్కువ కాలం ఇసకే కనిపిస్తుంది. మాకు కొంచెం మెట్ట చేను, బోరు కింద ఒక ఎకరా మల్బరీ తోట. మా ఆయన వ్యవసాయం చూస్తాడు. మరిది బెంగళూరులో చదివి అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. మామ పోయి చాలా ఏళ్ళయింది. అత్త మాతోనే ఉంటుంది.

ఈ ఆటను ఇంటికి తెచ్చింది మా మరిదే. బెంగళూరు హాస్టల్లో అతని గదిలో ఇద్దరు కేరళ పిల్లలు ఉండేవాళ్ళట. ఇరవై ఎనిమిది కేరళలో ఇంటింటి ఆట. దానికి అన్నలాంటిది యాభై ఆరు అని ఇంకోటి కూడా ఉంది అక్కడ. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మరిది ఇంటికొచ్చి మూడు నెలలు ఉండిపోయాడు. నాలుగో మనిషి లేక ఆట సాగక, వాళ్ళమ్మను బతిమాలాడు.

"ఇస్పేటాకులు ఇంట్లోకొస్తే లచ్చుమ్మ బయటికి పోతాది" అంది అత్త. డబ్బులు లేవు, పందెం లేదు, ఇది లెక్కల ఆటమ్మా అని మరిది వారం రోజులు చెప్పాడు. లెక్క అన్న మాటకు అత్త లొంగింది. ఆమె మూడో తరగతి వరకే చదివింది కానీ, పాల లెక్క, కూలీల లెక్క, ఎవరింటికి ఎన్ని శేర్ల శనక్కాయలు బదులిచ్చామన్న లెక్క అన్నీ నోటిమీదే ఉంటాయి. ఆట నేర్చుకున్న నెలకల్లా ఏ పట్టులో ఏ ముక్క పడిపోయిందో మా నలుగురిలో ఆమెకే బాగా గుర్తుండేది. మొదటి రోజు నుంచీ ఆమే నాకు జత. అన్నదమ్ములిద్దరూ ఒక జత, అత్తాకోడళ్ళం ఒక జత.

తెలియనివాళ్ళ కోసం ఆట కొంచెం చెప్తాను. పేకలో ఏడు నుంచి ఆసు దాకా ముక్కలే తీసుకోవాలి, రంగుకు ఎనిమిది చొప్పున 32. ఈ ఆటలో పెద్ద ముక్క జాకీ. తర్వాత తొమ్మిది, ఆ తర్వాత ఆసు, పది, రాజు, రాణి, ఎనిమిది, ఏడు. జాకీకి 3, తొమ్మిదికి 2, ఆసుకు 1, పదికి 1. మిగిలినవాటికి సున్నా. అంటే రంగుకు 7, నాలుగు రంగులకు 28. ఆ పేరు అందుకే వచ్చింది. రాజు, రాణి చూడటానికి బాగుంటారు కానీ విడివిడిగా ఏమీ చేయరు. తురుపు రంగులో ఇద్దరూ ఒకే చేతిలో పడి, తురుపు తెరిచాక చూపిస్తే మాత్రం ఆ జోడీకి నాలుగు విలువ. పాడినవాళ్ళ దగ్గరుంటే వాళ్ళ పాట నాలుగు తగ్గుతుంది, ఎదుటివాళ్ళ దగ్గరుంటే నాలుగు పెరుగుతుంది. మొదటిసారి విన్నప్పుడు మా అత్త, "సంసారం కూడా అంతే కదప్పా" అంది. మేమందరం నవ్వాం, ఆమె మాత్రం నవ్వలేదు.

ముందు నలుగురికీ నాలుగేసి ముక్కలు పంచుతారు. ఆ నాలుగు చూసుకునే పాడాలి. 14 నుంచి మొదలు, 28 దాకా పోవచ్చు. ఎక్కువ పాడినవాళ్ళు ఒక తురుపు ముక్కను బోర్లా పెట్టి దాచుకుంటారు. అప్పుడు మిగిలిన నాలుగేసి ముక్కలు పంచుతారు. పాడినన్ని పాయింట్లు వాళ్ళ జతకు రావాలి, రాకపోతే ఓటమి. అంటే సగం చేయి చూసి మాట ఇచ్చి, మిగతా సగం వచ్చాక ఆ మాట నిలబెట్టుకోవాలి.

ఇక పాట లెక్క. మీ చేతిలో నాలుగు ముక్కలున్నాయి. మీకు కనపడనివి 28. అందులో నాలుగు మీకే వస్తాయి, ఎనిమిది మీ జతకు, పదహారు ఎదుటి ఇద్దరికి. కాబట్టి మీ దగ్గర లేని ఏ ముక్కనైనా తలుచుకోండి, ఇస్పేటు తొమ్మిది అనుకోండి. అది ఏడుపాళ్ళలో ఒక పాలు మీకొస్తుంది, రెండు పాళ్ళు మీ జతకు పోతుంది, నాలుగు పాళ్ళు ఎదుటివాళ్ళకు పోతుంది. మీ పక్షాన మూడు, వాళ్ళ పక్షాన నాలుగు. లేని ముక్క మీద ఆశ పెట్టుకుని పాడేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే. ఆశ ఎప్పుడూ సగం కన్నా కొంచెం తక్కువే.

మా ఇంటి లెక్కలో 20 లోపు పాట గెలిస్తే ఒక గుర్తు వస్తుంది, ఓడితే రెండు పోతాయి. పక్కన పెట్టేసిన ఆరు ముక్కలతోనే ఆ గుర్తులు చూపించుకుంటాం. మూడుసార్లు పాడి రెండుసార్లు గెలిచినా చివరికి మిగిలేది సున్నా. అందుకని బాగా నమ్మకం ఉంటేనే పాడాలి.

నమ్మకం అంటే ఎలాంటిది? ఇస్పేటు జాకీ, తొమ్మిది, ఏడు, వాటితో ఆటీను ఆసు వచ్చాయనుకోండి. ఒకే రంగులో మూడున్నాయి, అందులో పై రెండూ మీవే. చేతిలో ఆరు పాయింట్లు. బయట ఉన్న ఐదు ఇస్పేట్లలో ఎదుటి ఇద్దరికీ కలిపి సగటున మూడు కన్నా తక్కువే పోతాయి. తురుపు తెరిచాక జాకీ, తొమ్మిది వరసగా దించితే వాళ్ళ తురుపులు చాలావరకు రాలిపోతాయి. ఈ చేతికి నేను 16 పాడతాను. అదే ఆసు, పది, రాజు, రాణి నాలుగు రంగుల్లో ఒక్కొక్కటి వస్తే? చేయంతా బొమ్మలతో నిండుగా ఉంటుంది కానీ రెండే పాయింట్లు, తురుపు చేయడానికి రంగే లేదు. పాస్.

ఇంతవరకు ఎవరి చేయి వాళ్ళు చూసుకుని చేసే లెక్క. జత ఆటలో ఇంకోటి ఉంది. మీరు పాడినా, పాస్ అన్నా, ఎదురుగా కూర్చున్న మనిషికి ఒక కబురు అందుతుంది. దగ్గు, కనుసైగ, నిట్టూర్పు ఏవీ పనికిరావు, అవి దొంగాట. నోటితో చెప్పగలిగింది పాటొక్కటే. అత్త 16 అంటే ఆమె దగ్గర ఒక రంగు బలంగా ఉందని అర్థం. పాస్ అంటే తురుపు చేసే బలం లేదని అర్థం. ఆ పాస్ విన్నాక నేను నా చేతికి ఒక మెట్టు తగ్గించి పాడతాను. మొదటి చేయివాళ్ళు ఎలాగూ 14 పాడి తీరాలి కాబట్టి, ఆ 14 కు మాత్రం అర్థమేమీ ఉండదు. మిగిలిన ముగ్గురి మాటలే కబుర్లు.

ఇంకో నియమం కూడా మరిది చెప్పాడు. జత పాడిన పాట మీద మళ్ళీ మనమే పాడాలంటే 20 కి తగ్గకూడదు. జత 16 కి సిద్ధమైతే, నా రంగు ఇంకొంచెం బాగుందని 17 అని లాక్కోవడానికి లేదు. వాళ్ళ ఆట వాళ్ళను ఆడనివ్వాలి, మన జాకీ వాళ్ళ పట్టులో పడినా పాయింట్లు మన ఇద్దరివే. కాదూ, నా చేయే పైచేయి కావాలి అనిపిస్తే 20 పాడగలిగినంత దమ్ముండాలి. ఈ నియమం నాకు చాలా నచ్చింది. కాపురంలో కూడా ఇది ఉంటే బాగుండుననిపించింది.

మా చిన్నమ్మ కూతురు అమెరికాలో ఉంటుంది. పక్కింటి ముసలి దంపతులు తనకు పీనకల్ అనే ఆట నేర్పారట. ఫోనులో వివరిస్తుంటే సగం మన ఆటలాగే అనిపించింది. తొమ్మిది నుంచి ఆసు దాకా ప్రతి ముక్కా రెండేసి, మొత్తం 48. నలుగురు, రెండు జతలు, మనిషికి పన్నెండు. అక్కడా పదికి రాజు కన్నా విలువెక్కువ. ఒకే రంగు రాజు, రాణి కలిస్తే వాళ్ళు దాన్ని పెళ్ళి అంటారట. ఇస్పేటు రాణి, డైమను జాకీ కలిస్తే అది పీనకల్. తేడా ఏమిటంటే, వాళ్ళు తమ పన్నెండు ముక్కలూ చూసుకుని పాడతారు. "మరి మీకేం కష్టమే, అన్నీ కనపడుతుంటే?" అన్నాను. "ఎదుటామె చేతిలో ఏముందో కనపడదు కదక్కా. ఆమె పాటను బట్టి ఊహించుకోవాలి. నేను పాడినా ఆమెకు కబురే, పాస్ అన్నా కబురే" అంది. ముక్కలెన్నున్నా జత మాటే ఆధారమన్నమాట.

నాలుగు ముక్కలు చూసి పాడటం మా ఊరివాళ్ళకు కొత్తేమీ కాదు. నైరుతి వాన పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేస్తుంది. ఈశాన్య వాన తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలిసిపోతుంది. రెండింటికీ దూరంగా మధ్యలో ఉన్నాం. జైసల్మేరు తర్వాత దేశంలో తక్కువ వాన పడేది మా అనంతపురంలోనే అని బళ్ళో చదువుకున్నాం. జూన్‌లోనో జూలైలోనో ఒక వాన పడి నేల పదునెక్కుతుంది. అప్పుడు శనక్కాయ విత్తాలి. విత్తితే విత్తనం ఖర్చు, సేద్యం ఖర్చు భూమిలోకి పోయినట్టే. తర్వాతి వానలు వస్తాయా రావా అన్నది ఇంకా పంచని ముక్కలు. విత్తకుండా ఆగితే పదును ఆరిపోతుంది. మా ఆయన చేలో నిలబడి మట్టి పిడికిట పట్టుకుని చూసే చూపూ, నాలుగు ముక్కలు విసనకర్రలా పట్టుకుని చూసే చూపూ ఒకేలా ఉంటాయి.

చేలో ఆయన ఒక్కడే పాడతాడు. అందులో ఆయన జత ఎవరు, ఆ జత ఏమంటోంది అన్నది 2023 దాకా మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఆ ఏడాది ఆగస్టు గుర్తుందా మీకు? 1901 నుంచి లెక్కలు చూస్తే దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు లేదని వార్తల్లో చెప్పారు. మాకు చెప్పాల్సిన పని లేకపోయింది. సెప్టెంబరు మొదటి వారంలో బోరు దగ్గుతూ దగ్గుతూ నిలిచిపోయింది. మల్బరీ ఆకు వాడిపోతోంది. పట్టుపురుగులు మా ఇంటికి నెల జీతం లాంటివి. గూళ్ళు హిందూపురం మార్కెట్టుకు తీసుకెళ్తే చేతిలో డబ్బు పడేది. సరిగ్గా అప్పుడే మా పెద్దపాపకు బెంగళూరులో నర్సింగ్ సీటు వచ్చింది. మొదటి ఏడాది ఫీజు, హాస్టలు కలిపితే ఎంతవుతుందో, కొత్త బోరు వెయ్యడుగులు వేయించి కేసింగు పైపు, మోటారు దించితే దాదాపు అంతే అవుతుంది. ఇంట్లో ఉన్నదల్లా అత్త నాలుగు గాజులు, నా గొలుసు. కుదువ పెడితే ఒక్కదానికే సరిపోతుంది.

మరిది ఆ ఆదివారం ఇంటికొచ్చాడు. భోజనాలయ్యాక అందరం కూర్చున్నాం. ముక్కలు తీయలేదు. మా ఆయన తన మాట చెప్పాడు. కొబ్బరికాయ పట్టుకుని పాయింటు చూసే మనిషిని పిలిపించాడట. చేను పడమటి మూలలో కాయ నిలబడిందట. తోట నిలిస్తే రెండేళ్ళలో అప్పు తీరుతుంది, పాప సీటు వచ్చే ఏడు చూసుకోవచ్చు అన్నాడు. మరిది అన్న వైపే ఉన్నాడు, సగం ఖర్చు తను పెట్టుకోలేనందుకు కొంచెం తల దించుకున్నాడు.

నేను నా మాట చెప్పాను. పాప సీటు పోకూడదు, ఈ ఏడు పోతే వచ్చే ఏడు సంబంధాల మాటలు మొదలవుతాయి అన్నాను. అది 15 పాట. నా చేతిలో ఉన్నది పాప మీద నమ్మకం. బోరు పడుతుందా లేదా అని చెప్పే ముక్క నా దగ్గర లేదు.

మా ఆయన వాళ్ళమ్మ వైపు తిరిగాడు. "నువ్వేమంటావు మా?"

"నాదేముంది నాయనా. మీ ఇష్టం."

ఈ మాట మన ఇళ్ళల్లో ఎన్నిసార్లు వింటాం! పెళ్ళి సంబంధం అడిగినా, భూమి అమ్మకం అడిగినా, ఇల్లు కట్టేటప్పుడు వంటిల్లు ఎటు పెట్టాలని అడిగినా, ఆడవాళ్ళ నోట మొదట వచ్చేది అదే. విన్నవాళ్ళు దాన్ని పాస్ అనుకుంటారు. ఆమె దగ్గర చెప్పేదేమీ లేదు, సరేననుకుంటారు. ఆటలో పాస్ అన్న మనిషి నిజంగా చేయి చూసుకుని, బలం లేదని తేల్చుకుని చెప్తుంది. మీ ఇష్టం అన్న మనిషి చేయి ఎవరూ చూడలేదు. కొన్నిసార్లు ఆమే చూసుకోలేదు. కొన్నిసార్లు జాకీ, తొమ్మిది రెండూ కొంగులో ముడేసుకుని కూర్చుంటుంది. జతవాడికి అందిన కబురు తప్పుడు కబురు. ఆ తప్పుడు కబురు మీద అతను పాడేస్తాడు.

మూడేళ్ళు ఆమెకు ఎదురుగా కూర్చుని ఆడాను కాబట్టి అడగగలిగాను. "అత్తా, అది పాసేనా? చేతిలో ఏమీ లేక పాసా, ఉండి పాసా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, ముక్కలు లెక్కపెట్టినట్టే ఒక్కొక్కటీ.

మామ మూడు బోర్లు వేయించాడు. మొదటిది 280 అడుగులు, ఆరేళ్ళు నీళ్ళిచ్చింది. రెండోది 540, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మూడోది 710, ఇప్పుడు నిలిచిపోయింది అదే. రెండో బోరుకు ఆమె రెండు పేటల గొలుసు పోయింది. ఆ గొలుసు మా ఆడబిడ్డ పెండ్లికని దాచుకున్నది. "అప్పుడూ నన్నడిగినాడు మీ మామ. మీ ఇష్టం అంటి. కడుపులో వద్దు వద్దని ఉండె, నోట్లో మాత్రం మీ ఇష్టం అనే వచ్చె. ఆ పెండ్లికి చేసిన అప్పు పదేండ్లు కడితిమి."

తర్వాత ఇంకోటి చెప్పింది, అది మా ఆయనకు కూడా తెలియదు. ఆయన పుట్టకముందు ఆ పడమటి మూలలోనే ఆమె మామగారు బావి తవ్వించాడట. ఏడు మట్లకే బండ తగిలింది. ఆ బండ కొట్టించలేక రాళ్ళు, మట్టి పోసి పూడ్చేశారు. ఇప్పుడక్కడ కానుగ చెట్టొకటి ఉంది, అంతే. "బండ కింద నీళ్ళుండొచ్చు, లేకపోవచ్చు. పక్క చేన్లో బోరు పడితే మన బోరు తగ్గె, అది నేను చూసినా. ఉండేది ఒకటే నీళ్ళు, అందరూ పీకుతాండారు. నా గాజులు ఆ మూలకి నేనియ్యను. పాప సదువుకైతే రేపు పొద్దున్నే తీసిస్తా."

మరిది మెల్లగా అన్నాడు, "మా ఇరవై పాడింది, అన్నా."

మా ప్రాంతం రాతి నేల. నీళ్ళు బండల పగుళ్ళలోనే ఉంటాయి. పగులు తగిలితే నీళ్ళు, తగలకపోతే పొడి. కొబ్బరికాయకు ఆ పగులు ఎక్కడుందో ఎలా తెలుస్తుందో నాకు తెలియదు కానీ, యాభై ఏళ్ళు ఆ చేను చూసిన మనిషికి తెలిసినంత తెలియదనుకుంటాను. 2002 నుంచి వాల్టా చట్టం ఉంది, కొత్త బోరుకు అనుమతి, పక్క బోరుకు ఇంత దూరం అని నియమాలున్నాయి. కాగితం మీద ఉన్నవి కాగితం మీద ఉన్నాయి. ఏ బోరు పడ్డప్పుడు ఏ బోరు తగ్గిందన్న లెక్క మాత్రం మా అత్తలాంటివాళ్ళ దగ్గరే ఉంది. వాళ్ళను అడిగితే వచ్చే జవాబు మీ ఇష్టం.

మా ఆయన ఆ రాత్రి ఏమీ అనలేదు. రెండు రోజులు తోటలోకి పోయి సాయంత్రం దాకా వచ్చేవాడు కాదు. ఆ మొక్కలు ఆయనే నాటినవి. మూడోరోజు పొద్దున కాఫీ తాగుతూ, "నేను పాస్. సీటు డబ్బు కట్టేద్దాం" అన్నాడు. కాసేపాగి, "నిజం పాసే. నా దగ్గర కొబ్బరికాయ తప్ప ఏం లేదు" అన్నాడు. గాజులు ఆ వారమే కుదువకు పోయాయి. నా గొలుసు రెండో సెమిస్టరుకు పోయింది.

ఇక్కడితో అంతా మంచే జరిగిందని చెప్పగలిగితే బాగుండేది. మల్బరీ ఎండిపోయింది. 2024 ఫిబ్రవరిలో మొదళ్ళు పీకించేశాం. గూళ్ళు కట్టించే చంద్రికలు ఇంకా కొట్టంలో దుమ్ము పట్టి ఉన్నాయి, వాటిని అమ్ముదామంటే మా ఆయన ఊ అనడు. ఆ ఎకరంలో ఇప్పుడు కొర్ర, కంది వేస్తున్నాం. చేను పని లేని రోజుల్లో ఆయన పాలసముద్రం వైపు, హైవే పక్క పనులకు ట్రాక్టరు తోలడానికి పోతాడు. సొంత తోట ఉన్న మనిషికి అది ఎంత కష్టమో నాకు తెలుసు. పోయిన ఏడాది మా గట్టు అవతల చేన్లో బోరు వేయించుకున్నారు. 840 అడుగుల దగ్గర నీళ్ళు పడ్డాయి. వాళ్ళ తోట పచ్చగా మా వాకిట్లోకి కనపడుతుంది.

"చూడమ్మా, పడె కదా" అని ఊళ్ళో ఒకరిద్దరు అత్తతో అన్నారు. ఆమె జవాబు నాకు బాగా నచ్చింది. "వాళ్ళ ఆకులు వాళ్ళవి. నేను పాడినప్పుడు నా చేతిలో ఉండే నాలుగే నేను చూసింది."

ఆట బాగా ఆడేవాళ్ళకు ఇది తెలుసు. పాట సరైనదా కాదా అన్నది తర్వాత పడిన ముక్కలను బట్టి తేల్చకూడదు. ఒక్క ఏడు పట్టుకుని 20 పాడితే, తర్వాతి నాలుగూ జాకీలే వచ్చి గెలిచినా అది చెడ్డ పాటే. జాకీ, తొమ్మిది, ఆసు ఉండి 17 పాడి ఓడిపోయినా అది మంచి పాటే. కానీ జత చేతిలో ఏముందో తెలుసుకునే వీలుండి కూడా తెలుసుకోకుండా పాడితే, గెలిచినా ఓడినా అది జత ఆట అనిపించుకోదు.

ఇప్పుడు మా ఇంట్లో మీ ఇష్టం అన్న మాట వినపడితే ఎవరో ఒకరు వెంటనే "పాసా?" అని అడుగుతారు. అడిగినవాళ్ళు జవాబు వచ్చేదాకా ఆగాలి, అదీ నియమమే. చిన్నదాని బడి మార్చాలా అన్నప్పుడు అత్త, "నిజంగా పాసే, నాకు ఆ బళ్ళ సంగతి తెలీదు" అంది. ఆ పాస్ మాకు ఎంతో పనికొచ్చింది, ఆమె మనసులో ఏదో ఉందేమోనని తడుముకోవాల్సిన పని లేకపోయింది. నాకు టైలరింగ్ మిషను కొనాలని ఉన్నప్పుడు, ఇంతకు ముందైతే నెల రోజులు చుట్టూ తిప్పి చెప్పేదాన్నేమో, ఈసారి నేరుగా, "ఇది నాకు 18" అన్నాను. మా ఆయన లెక్క అడిగాడు, చెప్పాను, కొన్నాం.

పెద్దపాప ఇప్పుడు మూడో ఏడాది. వారం వారం ఫోన్ చేస్తుంది. మొన్న ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ శిక్షణకు పేరు ఇవ్వమన్నారట, ఇవ్వాలా వద్దా అని అడిగింది. వాళ్ళ నాన్న ఫోను తీసుకుని, "నీకెంత అనిపిస్తాందో ముందు నువ్వు చెప్పు పాపా, తర్వాత నేను చెప్తా" అన్నాడు. అత్త పక్కన కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండానే, "ఆ పిల్ల మీద పాడాలంటే ఇరవైకి తగ్గకూడదు, చూసుకో" అంది.